సభలో అన్న మాట

కిందటి వారం నేను ఆదోని కోర్టు మెట్ల మీద నా కక్షిదారు హులిగమ్మక్కకు ఒక చేదు సంగతి చెప్పి ఆపాను. మర్చిపోయిన వాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. పార్లమెంటు లోపల ఎంపీ అన్న మాట మీద ఈ దేశంలో ఏ కోర్టులోనూ కేసు వేయడానికి లేదు.

మన ఎంపీ పాండురంగ గారు శీతాకాల సమావేశాల్లో లేచి నిలబడ్డారు. హాలహర్వి మండలం కెంపనహాళ్‌లో హులిగమ్మ అనే ఆమె రైతులకు నకిలీ పత్తి విత్తనాలు అంటగట్టిందని, ఆ విత్తనాలు మొలవకే రామాంజి అనే రైతు పురుగుల మందు తాగాడని, పేరూ ఊరూ పెట్టి మరీ అన్నారు. హులిగమ్మక్క ఆ ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఏటా ఆదోనికి వచ్చి సంఘం తరఫున విత్తనాల పొట్లాలు కొని అందరికీ పంచుతుంది. రామాంజికి మాత్రం ఆ ఏడు తాను ఒక్క పొట్లం కూడా ఇవ్వలేదంటుంది. ఆ మాట నేను నమ్మాను. మామూలుగా నేను ఎవరినీ నమ్మను. మా నాన్న మంత్రాలయం దగ్గర పాఠశాలలో వేదం చెబుతారు. నమ్మడం ఆయన పని, నమ్మకపోవడం నా పని.

నమ్మి మాత్రం ఏం చేశాను? రాజ్యాంగం నూట అయిదో అధికరణం తీసి చూపించాను. సభలో సభ్యుడు ఏం మాట్లాడినా కోర్టు అడగరాదు. ‘ఏం మాట్లాడినా’ అంటే ఏం మాట్లాడినా అనే అర్థం అని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చేసింది. ఆ మాటను ఉన్నదున్నట్టు అచ్చేసిన పేపర్లకూ రాజ్యాంగమే గొడుగు పట్టింది. ఎటొచ్చీ గొడుగు లేనిది హులిగమ్మక్కకే. సభలో బయటి మనిషి మీద నింద వేయాలంటే ముందుగా స్పీకరుకు తెలియజేయాలని ఒక నిబంధన ఉంది. ఆయన పాటించలేదు. పాటించకపోతే అడగవలసింది సభే తప్ప కోర్టు కాదు. స్పీకరు గారికి అర్జీ పంపాం. అది ఢిల్లీ చేరిందని కబురు వచ్చింది, ఆ తరువాత మరే కబురూ రాలేదు.

ఈలోగా ఊళ్ళో ఎవరూ ఆమెను కలుపు తీయడానికి పిలవడం లేదు. సంఘం ఆడవాళ్ళు ఎదురుపడితే కొంగు సర్దుకుంటూ పక్కకు తప్పుకుంటున్నారు. వాటికి ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది రామాంజి భార్య యశోద తలుపు. వాళ్ళిద్దరూ పదిహేనేళ్ళు ఒక సాలులో పత్తి ఏరినవాళ్ళు. ఆ తలుపు మూసుకుపోయింది. హులిగమ్మక్కకు కావలసింది నష్టపరిహారం కాదు, ఆ తలుపు తెరుచుకోవడం.

“అదే మాట ఆయప్ప బయట అంటే?” అని కిందటి వారం ఆమె అడిగింది కదా.

“బయట అంటే ఆయనా మనలాంటి మనిషే అక్కా. మర్నాడే కేసు వేస్తాను.”

“అయితే అనిపిద్దాం,” అంది.

కెంపనహాళ్‌లో నింద తేల్చుకునే పద్ధతి ఒకటుంది. నింద వేసిన మనిషి ఈరన్న స్వామి పేరు చెప్పి, కర్పూరం వెలిగించి, వేసిన నిందను మళ్ళీ పలికి, అరచేత్తో మంట ఆర్పాలి. ఆర్పితే నింద నిలిచినట్టు. వెనక్కి తగ్గితే అది తిరిగి అతని నెత్తికే. నిందపడిన మనిషి మధ్యలో అడ్డం పడితే తప్పు ఒప్పుకున్నట్టే. ఎంపీ గారు కెంపనహాళ్ గుడికి ఎలాగూ రారు కాబట్టి కర్పూరమే ఆయన దగ్గరికి పోవాలని హులిగమ్మక్క తీర్మానం. లాయరుగా నాకు అది నవ్వొచ్చే పని. కానీ ఆర్పే ముందు నింద మళ్ళీ పలకాలి అన్న దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అంతకంటే నాకేం కావాలి?

సోమవారం ఉదయం ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాం. నేను, హులిగమ్మక్క, ఆమె అన్న నరసన్న. సోమప్ప సర్కిల్ దాటి, మగ్గాల చప్పుడు వినబడే ఒక సందులో, మేడ మీద ఎంపీ గారి ఆఫీసు. మెట్లెక్కుతూ నరసన్న పదేపదే భుజం మీది తువాలు సర్దుకుంటున్నాడు. పెద్దమనిషి. ఊరు ఊరంతా ముఖం తిప్పుకున్నా, చెల్లెలి వెంట కోర్టుకు తిరిగింది ఆయనొక్కడే.

పైన గదిలో శ్రీశ కూర్చుని ఉన్నాడు. ఎంపీ గారికి పీఏ. మా నాన్న దగ్గర నాతోపాటే శ్లోకాలు వల్లె వేసినవాడు. అప్పట్లోనే పక్కవాడి నోట్లోంచి మాట లాగి తనదిగా అప్పజెప్పేవాడు. హులిగమ్మక్క పేరు ఎంపీ గారి చేతికి అందించింది వీడేనని నాకు మొదటినుంచీ అనుమానం.

“రా భూమికా, సారీ, రాండి మేడం. మీ కోసమే ఎదురు చూస్తాండాం,” అన్నాడు.

టేబుల్ మీద చూశాను. స్టీలు పళ్ళెం. అందులో కర్పూరం పొట్లం. పక్కన అగ్గిపెట్టె. మేం తెచ్చిన కర్పూరం ఇంకా హులిగమ్మక్క చేతిసంచిలోనే ఉంది.

“ఏమి శ్రీశా, ఆఫీసులో పూజ ఇంకా కాలేదా?”

“మీ పూజకే మేడం. మీరు తెచ్చిందానికి చెమ్మ తగిలుంటాదేమో అని కొత్త పొట్లం తెప్పించినాం.”

ఈ సంగతి తెలిసింది మా ముగ్గురికే. నా అనుమానం ముందు నా ఫోను మీదికి పోయింది. ఆ తరువాత నరసన్న మీదికి. ఆయన తువాలు కుర్చీ వీపు మీద వేసి కూర్చుని, తల ఎత్తి ఫ్యాను వైపు చూస్తున్నాడు. అంత మంచి అన్నను శంకించినందుకు నాకే సిగ్గేసింది. హులిగమ్మక్కను గోడ వారకు లాగి, “అక్కా, ఈ మాట ఎవరికైనా చెప్పినావా?” అని అడిగాను.

“సెప్పకుండా ఎట్ల లాయరమ్మా?” ఆమె ఆశ్చర్యంగా చూసింది. “నిన్న పొద్దుగూకేటప్పుడు యశోద వాకిట్లో నిలబడి సెప్పినా. రేపు ఎమ్మిగనూరుకు పోతాండాం, కర్పూరం ముట్టిస్తాం, నువ్వు కూడా రా అని. తలుపు తియ్యలే. తలుపుకే సెప్పినా.”

“ఎందుకు చెప్పినావు?”

“సచ్చినోని ఇంటికి ఎరుక సెయ్యకుండా ప్రమాణం అడిగితే ఈరన్న ఒప్పడు. అది తెల్వదా నీకు?”

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వల పన్నే ముందు చేపకు చెప్పి వచ్చింది మహాతల్లి. కోపం వచ్చింది, దిగమింగాను. ఒక మనిషి మీద మాట అనేముందు చెప్పాల్సిన చోట చెప్పాలని ఢిల్లీ సభలోనూ రాసి ఉంది, కెంపనహాళ్‌లోనూ ఉంది. ఎంపీ గారు తన సభ నియమం తప్పారు, ఈమె తన ఊరి నియమం తప్పలేదు. అంతే తేడా. కానీ యశోద తలుపు వెనక నుంచి ఆ కబురు ఇక్కడికి ఎలా నడిచొచ్చింది?

అది తేలేలోపే లోపలి గది తలుపు తోసుకుని పాండురంగ గారు వచ్చారు. మెత్తని మనిషి. మాట ఇంకా మెత్తన.

“కూర్చో తల్లీ. ఎండన పడి వచ్చినారు. మజ్జిగ తాగుతారా?”

హులిగమ్మక్క కూర్చోలేదు. “నేనే అప్పా హులిగమ్మను. ఢిల్లీలో నా పేరు పలికితివి, నా మొగం ఎప్పుడన్నా సూసినావా?”

“రైతు కష్టం చూడలేక మాట్లాడినా తల్లీ.”

“మంచిదే. రైతు కష్టం నాకూ తెలుసు. యా రైతుకు యా ఇత్తనం ఇచ్చి సంపినానో ఈ అగ్గి ముందర సెప్పు. ఆడ మైకులో సెప్పిందే ఈడ నా మొగం సూసి సెప్పి, ఆర్పు. ఆర్పినావంటే మారు మాట్లాడను. ఊరిడిసి పోతా.”

ఎంపీ గారికి రోషం వచ్చింది. వస్తుందనే నా ఆశ. “అంటే నేను అబద్ధం చెప్పినాననా? నువ్వు ఇచ్చిన...”

శ్రీశ దగ్గాడు.

ఎంపీ గారు ఆగి, గ్లాసు అందుకుని నీళ్ళు తాగారు. నిండు గ్లాసు మొత్తం తాగారు. అంత దాహం ఎప్పుడు వేసిందో పాపం. గ్లాసు కింద పెట్టేసరికి మళ్ళీ మెత్తబడిపోయారు.

“సభలో నేను మాట్లాడింది సభ రికార్డులో ఉంది తల్లీ. చూసుకోండి. ఇక్కడ దానికంటే ఎక్కువ చెప్పను, తక్కువ చెప్పను.”

“ఎక్కువ తక్కువ వద్దప్పా. అదే సెప్పు.”

నేను ఉండబట్టలేక కల్పించుకున్నాను. “సార్, ఏది నేరమో చట్టం చేసి చెప్పే అధికారం పార్లమెంటుకు ఉంది. నేరస్థులెవరో తేల్చే అధికారం దానికి లేదు, అది కోర్టు పని. మీరు ఒక్క నిమిషంలో విచారణ లేకుండా, సాక్షి లేకుండా ఈమెను హంతకురాలిని చేసి కూర్చున్నారు.”

“లాయరమ్మా, ఆ రక్షణ పాండురంగ కోసం పెట్టింది కాదు. రేపు ఒక పెద్ద కంపెనీ అన్యాయం మీద మాట్లాడల్ల. మాటమాటకూ కోర్టు నోటీసు వస్తాదంటే ఏ ఎంపీ అయినా నోరు తెరుస్తాడా? జనం గొంతు అది. దాన్ని మూసేస్తారా?”

ఆ మాటలో తప్పు లేదు. నేను కోర్టులో వాదించినా అదే వాదిస్తాను. అందుకే ఒళ్ళు మరీ మండింది. పెద్దవాళ్ళను ధైర్యంగా అడగమని చేతికిచ్చిన కర్రతో ఈయన కలుపు తీసే మనిషి వీపు పగలగొట్టాడు.

“చాలా బాగా చెప్పినారు సార్. మరి ఆ విత్తనాలు తయారు చేసిన కంపెనీ పేరు ఎందుకు పలకలేదు? ఆదోనిలో అమ్మిన దుకాణం పేరు ఎందుకు పలకలేదు? అక్కడ మీకు ఏ కోర్టు భయమూ లేదు కదా. దేశంలో ఎవరి పేరైనా పలకగలిగిన చోట నిలబడి, మీకు హులిగమ్మ పేరే ఎందుకు గుర్తొచ్చింది?”

ఎంపీ గారు శ్రీశ వైపు చూశారు. ఆయన ముఖంలో మొదటిసారి చిరునవ్వు చెదిరింది. ఈ ప్రశ్న వాళ్ళు అనుకోనిది. సరైన చోటే గుచ్చానని నాకు అర్థమైంది. ఈ నింద వెనక ఎవరినో కాపాడుతున్నారు. ఎవరిని?

శ్రీశ లేచాడు. “సార్‌ను ఇబ్బంది పెట్టాకండి మేడం. ప్రమాణమే కదా కావల్సింది?” లోపలి గది వైపు తిరిగి, “యశోదమ్మా, రాండి,” అని పిలిచాడు.

యశోద వచ్చింది. ముప్పై దాటి ఉండవు. ఎండిపోయిన మనిషి. హులిగమ్మక్క వైపు చూడకుండా తిన్నగా టేబుల్ దగ్గరికి పోయి నిలబడింది.

“ఈ సారుకు నీ పేరు సెప్పింది నేనే,” అంది. “మొగుడు పోయింది నాకు. ఆయప్ప ఎందుకు ఆర్పల్ల? నేను ఆర్పుతా.”

హులిగమ్మక్క ముఖం నేను చూడలేకపోయాను. ఎవరి తలుపు కోసం ఇంత దూరం వచ్చిందో ఆ మనిషే ఎదురుగా నిలబడి అగ్గిపుల్ల గీస్తోంది.

శ్రీశ నా పక్కకు వచ్చి, చిన్నప్పుడు శ్లోకం మర్చిపోతే అందించినట్టు మెల్లగా అందించాడు. “బయట అన్న మాటే కావాలంటిరి కదా మేడం. ఇదిగో, బయటే. సాక్షులు కూడా మీరే. వేసుకోండి కేసు.”

అప్పటికి నా బుర్రకు ఎక్కింది. ఎంపీ గారికి పన్నిన వలలోకి వీళ్ళు యశోదను తెచ్చి దింపారు. పార్లమెంటులో అన్నవాడికి రాజ్యాంగం అడ్డం ఉంది. ఆయనకు చెప్పిన మనిషికి ఏమీ అడ్డం లేదు. యశోద ఈ కర్పూరం ఆర్పితే, మేం కేసు వేయాల్సింది మొగుడు పోయిన మనిషి మీద. వేయకపోతే నింద నిలిచిపోతుంది. ఎటు పోయినా పాండురంగ గారు మజ్జిగ తాగుతూ కూర్చోవచ్చు.

కర్పూరం అంటుకుంది. హులిగమ్మక్క నా వైపు తిరిగింది.

“లాయరమ్మా, ఇది పలికి ఆర్పితే ఏమయితాది?”

“కేసు పడుతుంది అక్కా.”

“ఎవరి మింద? ఆయప్ప మిందనా?”

“కాదు. ఆయనకు ఏమీ కాదు. యశోద మీద.”

“దీన్ని కూడా కోర్టు మెట్లు ఎక్కిస్తారా? నన్ను తిప్పినట్ల?”

“ఎక్కించాల్సింది మనమే.”

యశోద చేయి పైకెత్తింది. “ఈరన్నా, నా మొగుడు రామాంజికి పుచ్చిన ఇత్తనాలు...” అంటూ అరచేయి మంట మీదికి దించబోయింది.

హులిగమ్మక్క ఆ మణికట్టు పట్టుకుంది.

ముందుగా తేరుకున్నది నరసన్న. “హులిగీ! సెయ్యి తియ్యి! అడ్డం పడితే ఒప్పుకున్నట్టే. తెల్వదా నీకు? ఆర్పనీ! ఆర్పనీ దాన్ని!”

“ఒప్పుకున్నట్టే అనుకోనీన్నా.” ఆమె చేయి వదల్లేదు. “ఇప్పటికే నూరు మంది అనుకుంటాండారు, ఇంకో నూరు మంది అనుకోనీ. దీన్ని మటుకు కోర్టుకు ఈడ్సేది లేదు.”

“బుద్దుందా నీకు? ఆర్పనీమంటాంటే!” నరసన్న గొంతు పెరిగింది. చెల్లెలి మీద నింద నిలవాలని ఒక అన్న అంత గట్టిగా అరవడం నా చెవికి తేడాగా తగిలింది. ఆలోచించే వ్యవధి లేకపోయింది.

కర్పూరం తనంతట తానే కరిగి ఆరిపోయింది. పళ్ళెంలో నల్లని మరక మిగిలింది. ఎంపీ గారు గట్టిగా నిట్టూర్చి కుర్చీలో వెనక్కి వాలారు. “అందరం చూసినాం,” అన్నాడు శ్రీశ. అంటే మేము మెట్లు దిగేలోపు ఈ కబురు కెంపనహాళ్ చేరుతుందన్నమాట. నా పథకం, నా తెలివి, నా నూట అయిదో అధికరణం, అన్నీ కలిసి హులిగమ్మక్కను ఆమె ఊరి ముందు దోషిగా నిలబెట్టాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

కానీ యశోద కదల్లేదు. హులిగమ్మక్క పట్టుకున్న తన చేతి వైపే చూస్తోంది.

“ఎందుకు అడ్డం పడితివక్కా?” అంది. “నన్ను కాపాడనీకి నువ్వు ఒప్పుకుంటివా? నా మొగున్ని సంపినదానివి నన్ను ఎందుకు కాపాడల్ల?”

“నేను సంపలేదు కాబట్టి,” అంది హులిగమ్మక్క. “ఆ యాడు రామాంజి నా తావకు వచ్చినాడు. పొట్లాలు అయిపాయె, ఇంగ ల్యావు తమ్ముడూ అని పంపిస్తి. ఒట్టి సేతులతో పాయె. నీకు సెప్పల్యా?”

“ల్యావని పంపిస్తివి. సెప్పినాడు. మల్లా నువ్వే పంపిస్తివి గదా?”

“ఏం పంపిస్తిని?”

“సంచి. మర్నాడు ఇంటికి తెచ్చి దించిపోయె. మా హులిగి ఇచ్చి రమ్మనింది, సంఘం పొట్లాలే, ఊళ్ళో ఎవురికీ సెప్పాకండి, అందరూ అడుగుతారు అని. నువ్వే పంపితివని నమ్మి ఇత్తితిమి.”

‘మా హులిగి.’ ఊళ్ళో అందరికీ ఆమె హులిగమ్మ. చిన్నవాళ్ళకు అక్క. హులిగీ అని పిలిచే గొంతు ఒక్కటే ఉంది. ఇప్పుడిప్పుడే ఆ గొంతు ఆర్పనీ ఆర్పనీ అని ఈ గదిలో అరిచింది.

నేను తిరిగి చూశాను. నరసన్న కుర్చీ ఖాళీగా ఉంది. తువాలు కుర్చీ వీపు మీదే వేలాడుతోంది. కింద మెట్ల దగ్గర చెప్పులు టపటపమని పరుగెత్తుతున్న చప్పుడు. ఎంపీ గారు ఉలిక్కిపడి అటు తిరిగారు. యశోద తిరిగింది. శ్రీశ ఒక్కడే తిరగలేదు. ఖాళీ కుర్చీ సంగతి ముందే తెలిసినవాడిలా పళ్ళెం తీసి తుడుస్తున్నాడు.

హులిగమ్మక్క అప్పుడు యశోద చేయి వదిలింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. కోర్టు మెట్ల మీద అడిగినట్టే, చట్టం తెలియని మనిషి తెలిసినదాన్ని అడిగినట్టు, నన్ను అడిగింది.

“లాయరమ్మా, మా అన్న యా సభలోనూ మెంబరు గాడు గదా?”